రజియా ఆపా చెరపని డిస్కు

మా రజియా ఆపా ఇక లేరు. మొన్న శుక్రవారం పొద్దున మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి ఆమె చెల్లెలు ఫోను చేసి ఆ దుర్వార్త చెబితే, "పొద్దుపొద్దున్నే అవేం మాటలే!" అని కసిరి పెట్టేశాను. మళ్ళీ మోగింది. అప్పుడు కూలబడ్డాను. జడ్చర్లలో ఒకే స్టూడియోలో నేను ఫోటోలు, ఆమె వీడియోలు తీస్తూ కలిసి బతికాం. ఆ ఆత్మీయ సాహచర్యం ఇంత అర్ధాంతరంగా ముగుస్తుందని కలలోనైనా అనుకోలేదు.

ఆపా సౌమ్యమూర్తి అని రాయమన్నారు కొందరు. నేను రాయను. ఆమె నోటికి జడిసి లైట్లు పట్టే మనుషులెవరూ నిలిచేవారు కాదు. నన్నైతే తిట్టని రోజు లేదు. కానీ ఆ పరుషవాక్కు వెనుక అపారమైన వాత్సల్యం ఉండేది. "పెండ్లిపిల్లను ఎవడన్న తీస్తడు నిర్మలా, తల్లిని తియ్యాలె" అనేది. అప్పగింతల వేళ ఆమె కెమెరా తల్లి ముఖాన్ని వదిలేది కాదు.

ఆ రోజుల్లో చాలా ముస్లిం ఇళ్ళలో ఆడవాళ్ళ గదిలోకి వీడియోను రానిచ్చేవారు కాదు. క్యాసెట్ ఎవరి కంటపడుతుందోనని పెద్దల భయం. సహేతుకమైన భయమే. రెండువేల సంవత్సరం దాటాక ఆపా తమ్ముడు జిద్దా నుంచి వీడియోను డిస్కుకెక్కించే ఓ యంత్రమూ, చెరిపి మళ్ళీ రాసుకోగల డిస్కు ఒకటీ తెచ్చాడు. బొమ్మ ఎంత తేటగా ఉండేదంటే కంటి కాటుక కూడా కనబడేది. అంతకన్నా మేలు, ఇంటివాళ్ళు చూసుకున్నాక వాళ్ళ ఎదుటే చెరిపేయవచ్చు. కెమెరాలోని క్యాసెట్‌ను డిస్కుకెక్కించగానే తుడిచేసేది. "మీ ముంగటనే చెరిపేస్త. గిది నా జబాన్" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆ మాట మీద తలుపులు తెరుచుకున్నాయి.

పల్లికాయ వ్యాపారి యూసుఫ్ సాబ్ కూతురి పెళ్ళి కూడా అలాగే తీసింది. ఆ డిస్కు చూసుకునేలోపే పిల్ల తల్లి గుండె ఆగి పోయింది. నలభయ్యో దినం ఫాతిహా అయ్యాక సాబ్ కూతురిని వెంటబెట్టుకొని దుకాణానికి వచ్చాడు. వాళ్ళు ఉర్దూలో అనుకున్నది నా తెలుగులో రాస్తున్నాను.

"ఆపా, జబాన్ ఇచ్చినవ్. చెరిపెయ్" అన్నాడు.

కూతురు కళ్ళతోనే వేడుకుంది. ఆమె దగ్గర తల్లి ఫోటో ఒక్కటీ లేదు. మాట తప్పితే ఆపాకు ఇక ఏ ఇంటి తలుపూ తెరుచుకోదు. నిలబెట్టుకుంటే ఆ పిల్లకు తల్లి ముఖమే దక్కదు.

"చెరిపేస్త సాబ్. గని ఇంటోళ్ళు చూడకుండ చెరిపే రివాజు నాకు లేదు. జర కూసోండ్రి" అంది ఆపా.

తెరమీద ఆ తల్లి కూతురి చేతికి గోరింటాకు పెడుతూ, ఎవరో ఆటపట్టిస్తే పకపకా నవ్వింది. వెనక నుంచి ఆపా గొంతు, "జర ఇటు జూడు భాభీ! రేపు నీ బిడ్డకు నీ నవ్వే గావాలె." యూసుఫ్ సాబ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బొమ్మ అయిపోయింది. ఆపా మీట చూపించి, "గిది నొక్కుతె పోతది. మీరే నొక్కండ్రి" అంది. ఆయన వేలు చాపాడు, నొక్కలేకపోయాడు.

"జర ఇంకోసారి పెట్టు, ఆపా."

డిస్కు ఆయనకే ఇచ్చేసింది. మరొకటి జిద్దా నుంచి వచ్చేదాకా ఆ పెళ్ళిళ్ళు మాకు లేవు. నేను గొణిగితే, "ఫికర్ జేస్తవేందే! నీ ఫోటోలున్నయ్ గదా" అని తిరిగి నన్నే తిట్టింది మహాతల్లి!

తనను మాత్రం తీయనిచ్చేది కాదు. ఖననమైన సాయంత్రం నా దగ్గర ఆమె ఫోటో ఒక్కటైనా లేదని ఏడుస్తుంటే, సాబ్ కూతురు ఆ డిస్కు పట్టుకొచ్చి ఆడవాళ్ళ మధ్య పెట్టింది. ఆ నవ్వు వెనక అదే గొంతు, అదే గద్దింపు, "జర ఇటు జూడు భాభీ!" ఆపా, నీ స్థానం పూరించగలవారు లేరు. నీకు నా కన్నీటి సలాం.

బొమ్మ ఆగింది. ఆ పిల్ల డిస్కు తీయబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"జర ఇంకోసారి పెట్టు బిడ్డా."