ఎడమ లేని ఏడంతస్తులు

కళ్ళజోళ్ళు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ ఏడంతస్తులాయన అంటారు. షాపేమో మెట్ల కింద ఇరుకు గది. కొత్తవాళ్ళు ఆ పేరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, తలెత్తి పైకి చూసి చూసి, మెడ పట్టేశాక లోపలికి అడుగుపెడతారు. ఆయన చిన్న స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య పెట్టుకునే "ఆ, ఇదే, కూర్చోండి" అంటాడు.

సంగతేమిటంటే, ముప్పై ఏళ్ళ కిందట ఆ వీధి చివర ఒక ఆటల హాలుండేది. అందులో బీరువా అంత మిషను. టోకెను వేస్తే తెర మీద ఒక పెయింటరు రంగు డబ్బా పట్టుకుని ఏడంతస్తుల మేడ ఎక్కడం మొదలుపెడతాడు. పైనుంచి ఒక ఎలుగుబంటి అతని మీదికి కుర్చీలు విసురుతుంది. దానికి పెయింటరు మీద కోపమెందుకో, అన్ని కుర్చీలు దానికెక్కడివో ఎవరూ అడగలేదు.

పెయింటర్ని నడిపే కర్ర కుడికి కదిలేది, పైకి కదిలేది. ఎడమకి కదిలేది కాదు. పాడైందని ఎవరికీ తోచలేదు, ఆటే అంత అనుకున్నారు. హాలు ఓనరు కూడా "పైకి పోయేవాడికి ఎడమతో పనేంటి" అనేవాడు. మరి నిచ్చెన దాటి ముందుకొచ్చేస్తే? కుర్చీ దెబ్బ తినాలి. తగిలితే పెయింటరు ఎడమకి ఎగిరిపడతాడు. స్టూలుకి రెండడుగులు, చేతుల కుర్చీకి నాలుగు, మడత కుర్చీ అయితే చెప్పలేం. ఒక అంతస్తులో మూడు దెబ్బలు తగిలితే ప్రాణం పోతుంది కాబట్టి రెండింటితోనే సర్దుకోవాలి. ఈ విద్యలో మన కళ్ళజోళ్ళాయన ఆరితేరాడు. ఒక రోజు ఏడో అంతస్తు ఎక్కేశాడు. ఆ వీధిలో మరెవరూ ఎక్కలేదు.

చిక్కల్లా బావమరిదితో. అప్పటికింకా బావమరిది కాదు, స్నేహితుడే. సరిగ్గా ఎక్కే సమయానికి టోకెన్ల కోసం కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి తెర మీద మళ్ళీ మొదటి అంతస్తు. అక్కనిచ్చి పెళ్ళి చేశాక కూడా, ఆ పేరు వినపడ్డప్పుడల్లా అతని మాట ఒకటే: "అంటారు. నేనైతే చూళ్ళేదు." చూసినవాళ్ళలో ఓనరు పోయాడు, మిగతావాళ్ళు తలో దిక్కయ్యారు. ముప్పై ఏళ్ళుగా ఆ ఒక్క మాట ఈయనకి చెప్పులో రాయిలా ఉండిపోయింది.

ఈమధ్య ఆ ఆట మళ్ళీ వచ్చింది, కొత్త రంగులు పూసుకుని, టీవీకి తగిలించుకునేలా. టీవీల షాపువాళ్ళు ఆదివారం పోటీ పెట్టారు. మనిషికి ఒకే అవకాశం. ఒంటిగంటలోపు అందరికంటే పైకెక్కినవాళ్ళకి టేబుల్ ఫ్యాను. కూతురు ఆట ముందే ఇంటికి తెచ్చింది. రెండు నిమిషాలాడి, "నాన్నా, ఇటు కూడా వెళ్తాడుగా" అంది. పెయింటరు తాపీగా ఎడమకి నడిచాడు.

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "వీడు వాడు కాదు."

"ఎడమకి పోతే పోనీండి, మీకొచ్చిన నష్టమేంటి?" అంది భార్య.

"మరి నేను తిన్న దెబ్బలన్నీ ఏమైనట్టు?"

"దెబ్బలు తిన్నది ఆ పెయింటరండీ. మీరు కాదు."

ఆదివారం బావమరిది ముందు ఆడాడు. వారం రోజులు సాధన చేసి వచ్చాడేమో, ఎడమకీ కుడికీ చకచకా తిరిగి ఆరో అంతస్తు దాకా వెళ్ళి, అక్కడ మడత కుర్చీ తగిలి పోయాడు. షాపు మేనేజరమ్మ బోర్డు మీద అతని పేరు పక్కన ఆరు వేసింది.

తర్వాత ఈయన. అద్దాల నెంబరు రాసే చిన్న కాగితం ఎడమ బటను మీద అంటించుకుని కూర్చున్నాడు. పెయింటరు కుర్చీలకి ఎదురెళ్ళి మరీ తన్నులు తింటుంటే జనానికి జాలేసింది.

"తప్పుకోండి పెద్దాయనా, కుర్చీ వస్తోంది."

"రానివ్వండి, దాని కోసమే చూస్తున్నా."

అలాగే ఆరో అంతస్తు చేరాడు. నిచ్చెన దాటి నాలుగడుగులు ముందుకొచ్చాడు. ముందు స్టూలు దొర్లుకొస్తోంది, దాని వెనకే తనకి కావాల్సిన చేతుల కుర్చీ వస్తోందని తెలుసు. స్టూలు మీంచి ఎగరబోయాడు. అప్పుడే తెర మీద ఒక పలక వెలిగింది: మీరు చాలా దెబ్బలు తిన్నారు, సాయం కావాలా? ఎగరడానికి నొక్కే బటనే అవుననడానికి కూడా. నొక్కేశాడు. ఎలుగుబంటి ఆవులించి, దిండు తెచ్చుకుని పడుకుంది. కుర్చీలు ఆగిపోయాయి.

"ఇదేంటమ్మా?"

"దెబ్బలు తినేవాళ్ళ కోసం కొత్తగా పెట్టారండీ. ఇక హాయిగా వెళ్ళొచ్చు."

"హాయిగా ఎలా వెళ్ళను, కొట్టే దిక్కు లేకపోతే?"

పెయింటరు నిలబడిపోయాడు. గెంతాడు, డబ్బా నేలకేసి కొట్టాడు. ఎలుగుబంటి అటు తిరిగి పడుకుని గురక పెట్టింది. పావుగంట గడిచింది. జనంలో ఒకాయన దాన్ని లేపాలని చప్పట్లు కూడా కొట్టాడు.

బావమరిది పక్కకొచ్చి కూర్చున్నాడు. "బావా, ఆ కాగితం పీకెయ్. నాలుగడుగులు నడిస్తే ఏడోది నీదే."

"నడిచాననుకో. రేపు నువ్వేమంటావు?"

"అప్పుడు ఎడమ లేకుండా ఎక్కినవాడికి ఇప్పుడు ఎడమెందుకు కావాల్సొచ్చిందంటాను."

"అంటావు. నాకు తెలుసు."

సాయం తీసేస్తే ఆట మొదటి నుంచి మొదలవుతుందని, ఉన్న ఒక్క అవకాశం పోతుందని, ఎక్కిన ఆరూ లెక్కలోకి రావని మేనేజరమ్మ చెప్పింది. "పోనీలెండి. ముందు ఆ ఎలుగుబంటిని లేపండి" అన్నాడాయన.

ఒంటిగంటకి ఫ్యాను బావమరిదికిచ్చారు. జనం భోజనాలకి వెళ్ళిపోయారు. అతను మాత్రం ఫ్యాను ఒళ్ళో పెట్టుకుని బావ పక్కనే కూర్చున్నాడు.

"ఎటైనా వెళ్ళేదుంటే ఇప్పుడే వెళ్ళిరా" అన్నాడు బావ తెర మీంచి చూపు తిప్పకుండా.

"నువ్వాడు."

బావమరిది మంచినీళ్ళకి కూడా లేవలేదు. రెండున్నరకి పెయింటరు ఆరో అంతస్తులో నిచ్చెన దాటి నిలబడ్డాడు. పలక వెలిగింది. ఈసారి వద్దన్నాడు. చేతుల కుర్చీ వచ్చి గుండెల మీద తగిలింది. నాలుగడుగులు వెనక్కి, నిచ్చెన కాళ్ళ దగ్గర పడ్డాడు. ఎక్కాడు. ఎలుగుబంటి పక్కకి జరిగి, పెయింటరు కూర్చోవడానికి ఒక కుర్చీ వేసింది.

"ఇంతేనా?" అన్నాడు బావమరిది.

"అప్పుడూ ఇంతే."

బావమరిది ఫ్యాను కింద పెట్టి బోర్డు దగ్గరికెళ్ళి స్కెచ్ పెన్ను తీశాడు. "పోటీ అయిపోయిందండీ" అంది మేనేజరమ్మ.

"పోటీ సంగతి కాదమ్మా. పైన చోటుంది, రాసుకుంటున్నా."

తన ఆరుకి పైన 'మా బావ, ఏడు' అని రాశాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. సరిపోలేదనిపించినట్టుంది. మళ్ళీ ముందుకెళ్ళి, పక్కన చిన్న అక్షరాలతో 'ఎడమ లేకుండా' అని చేర్చాడు.