ససేమిరా అత్తయ్య గడ్డిమిషను

అత్తయ్య నోట్లోంచి మొదట వచ్చే మాట "కాదు". ఆ తర్వాత వచ్చేదీ చాలాసార్లు అదే. ఎండగా ఉందంటే కాదంటుంది, చల్లబడిందంటే అదీ కాదంటుంది. రెండింటిలో ఏదో ఒకటి అయి తీరాలి కదా అని ఎవరైనా అడిగితే, "కాదు, ఎందుకవ్వాలి?" అంటుంది. అందుకే వీధి వీధంతా కలిసి ఆవిడకి ససేమిరా అత్తయ్య అని పేరు పెట్టేసింది. చిన్నకోడలు ఒకరోజు ధైర్యం కూడగట్టుకుని, "మిమ్మల్ని అందరూ ఇలా అంటున్నారట అత్తయ్యా" అని చెప్పింది. "కాదు, నేనలా అనిపించుకునే మనిషిని కాదు" అంది ఆవిడ.

చిన్నకోడలు ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో ఒక కప్పు టీ ఇచ్చి బోల్తాపడింది.

"పంచదార సరిపోయిందా అత్తయ్యా?"

"లేదు."

"ఇంకాస్త వెయ్యనా?"

"వద్దు."

"ఎక్కువైందా మరి?"

"కాదు."

అని, కప్పు ఖాళీ చేసి, ఇంకో కప్పు తెమ్మంది. ఇలా కాదని చిన్నకోడలు ఒక కిటుకు కనిపెట్టింది. అన్నీ తిరగేసి చెబితే సరి అనుకుంది. "మీరు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లనక్కర్లేదులెండి" అని చూసింది. "వెళ్లనక్కర్లేదు, నేనెలాగూ వెళ్లను" అంది అత్తయ్య. అంతటితో ఆ కిటుకు అటకెక్కింది.

ఈవిడతో మావయ్య ఇన్నేళ్లు ఎలా వేగాడని జాలిపడేవాళ్లు చాలామందే. నిజానికి ఆయన వేగలేదు, కలబడ్డాడు. మావయ్య కోట్లు కుట్టే దర్జీ, బట్ట కత్తిరించడంలో చెయ్యి తిరిగినవాడు. ఆవిడ కాదన్న ప్రతిదాన్నీ అవునంటూ బతికినవాడు. కర్టెన్ ఏ రంగుదవ్వాలో, కిటికీ ఎంత తెరవాలో, పక్కింటి కుక్క ఎవర్ని చూసి మొరిగిందో, అన్నింటి మీదా వాళ్లకి తగువే. తగువాడిన రోజున ఇద్దరూ కడుపునిండా తినేవాళ్లు. వారానికోసారి ఆయన ఇంటిముందున్న పచ్చికని తాడు లాగి స్టార్ట్ చేసే పాత మిషనుతో కోసేవాడు. సుద్దగీత గీసి బట్ట కత్తిరించినట్టు తిన్నటి చారలు పడేవి. ఆవిడ గుమ్మంలో నిలబడి వంకరగా ఉందనేది. ఆయన కాదనేవాడు. వీధిలో వాళ్లకి అది కాలక్షేపం.

పోయిన చలికాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం మొరాయించింది. కత్తెర పట్టనివ్వలేదు, బొత్తాం పెట్టుకోనివ్వలేదు. ఎండలు ముదిరాక ఒక ఉదయం ఆయన పాత మిషను బయటికి లాగి, ఎడమచేత్తో తాడు గుంజాడు. అది కదల్లేదు. మళ్లీ గుంజాడు. ఆ తర్వాత మెట్టు మీద కూర్చుండిపోయి, కాసేపటికి లోపలికొచ్చి, కిటికీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. అప్పట్నుంచి ఆయన రోజూ కూర్చునేది అలాగే. చిన్నకొడుకు అద్దె మిషను తెచ్చి పచ్చికని ఎలాగో గొరుగుతున్నాడు గానీ, అది సగంలో లేచిపోయిన క్షవరంలా ఉంటోంది.

అసలు విషయం ఏమిటంటే మావయ్య తగువాడటం మానేశాడు. ఏం చెప్పినా "సరే" అంటున్నాడు. కొడుకులిద్దరూ ఇల్లు ప్రశాంతంగా ఉందని మురిసిపోయారు. అత్తయ్యకి మాత్రం తిండి సయించడం లేదు.

ఒకరోజు భోజనాల దగ్గర పెద్దకొడుకు అన్నాడు. "నాన్నా, ముందున్న గడ్డి తీయించి సిమెంటు చేయించేస్తాను. శుభ్రంగా ఉంటుంది. దాని గురించి నువ్విక బాధపడక్కర్లేదు."

"సరే" అన్నాడు మావయ్య.

అత్తయ్య చేతిలో గరిటె గిన్నెలో పడింది. "ఏమన్నారు?"

"సరే అన్నాను."

"కాదు, మీరలా అనలేదు."

ఆయన దానికీ ఎదురు చెప్పలేదు. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకే చూసి, కొడుకు వైపు తిరిగింది. "సిమెంటు గిమెంటు కుదరదు. నేను గడ్డిమిషను కొంటాను. నేనే కోస్తాను."

"ఈ వయసులో నీకెందుకమ్మా? రేపు సాయంత్రం మేస్త్రిని తీసుకొస్తున్నాను, కొలతలకి."

"కాదు, రేపు సాయంత్రానికి ఇక్కడ గడ్డి కోస్తూ ఉంటాం. నీ మేస్త్రి చూసి వెళ్తాడు."

మర్నాడు పొద్దున్నే కారు తియ్యమని చిన్నకోడలికి హుకుం అయింది.

మొదటి కొట్లో సేల్స్‌మన్ పెట్రోలుతో నడిచే ఎర్ర మిషను ముందుకు లాగాడు. "చాలా తేలికండీ. ఎడమచేత్తో ఈ లీవరు నొక్కిపట్టి, కుడిచేత్తో తాడు ఒక్క గుంజు."

"కాదు" అంది అత్తయ్య.

"ఏది కాదండీ?"

"రెండు చేతులెందుకు? నా ఇంకో చేతిలో సంచీ ఉంది."

"సంచీ ఇటివ్వండి, నేను పట్టుకుంటాను."

"ఎందుకివ్వాలి? నువ్వెవరు?"

"సేల్స్‌మన్‌నండీ."

"కాదు. అమ్మేవాడివైతే ఒక చేత్తో నడిచేది చూపించేవాడివి."

చిన్నకోడలు సంచీ అందుకోబోయింది. అత్తయ్య దాన్ని కుడిచేత్తో ఇంకా గట్టిగా పొట్టకి హత్తుకుంది. అందులో ఉన్నది ఒక గొడుగూ, తుమ్ములకి ఒక రుమాలూను. సేల్స్‌మన్ చెమట తుడుచుకుని కరెంటు మిషను చూపించాడు. ఒక చేత్తో నెడుతూ, రెండో చేత్తో వైరు పక్కకి తప్పించుకుంటూ పోవాలన్నాడు. "మిషనుకి తోకేమిటి? నాకు తోకలున్నవి వద్దు" అని ఆవిడ బయటికొచ్చేసింది.

రెండో కొట్లో బ్యాటరీ మిషను. బొత్తాం ఒక చేత్తో నొక్కి, అదే క్షణంలో రెండో చేత్తో కడ్డీ లాగాలి. పొరపాటున స్టార్ట్ కాకుండా అదొక రక్షణ అన్నాడు అక్కడి మనిషి.

"నేను పొరపాటున స్టార్ట్ చేసేదానిలా కనిపిస్తున్నానా?"

"లేదండీ, రూలు."

అత్తయ్య రూలు వైపు ఒక చూపు చూసింది. వంగి, బొత్తాం మీద గడ్డం ఆనించి, ఎడమచేత్తో కడ్డీ లాగింది. మిషను గుర్రుమంది. కొట్లో ఉన్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. చిన్నకోడలికి నేల చీలితే దూరిపోదామనిపించింది.

"అలా వాడకూడదండీ."

"కాదు, వాడాను కదా" అంది అత్తయ్య. అని, మెడ సవరించుకుంటూ కాసేపు ఆలోచించింది. "కానీ వద్దు. మెడ పట్టేస్తుంది."

ఆవిడ చూపు మూలన ఉన్న ఎక్కి తోలే మిషను మీద పడింది. చిన్నసైజు ట్రాక్టరంత ఉంది. ఎవరూ ఆపేలోగా ఎక్కి కూర్చుంది. ఎడమచేత్తో స్టీరింగు తిప్పి చూసింది. మొహం వెలిగింది.

"దీంతో ఫుట్‌బాల్ మైదానం కొయ్యొచ్చండి" అన్నాడతను.

"అత్తయ్యా, ఇది మన గేట్లో పట్టదు" అంది చిన్నకోడలు.

"కాదు, గేటు తీయించేస్తాను."

"ఒక్కసారి మలుపు తిప్పితే మన పచ్చిక అయిపోతుంది."

"అవనీ."

అతనికి బేరం కుదిరేలా కనిపించి ఉత్సాహం పొంగింది. "హాయిగా కూర్చుని తిరగడమేనండీ. ఒక్క అడుగు నడవక్కర్లేదు."

"నడవక్కర్లేదా?" అత్తయ్య వెంటనే దిగిపోయింది. "అయితే ఎవరికి కావాలిది?"

ఆ మనిషి తెల్లబోయి చిన్నకోడలి వైపు చూశాడు. చిన్నకోడలు దణ్ణం పెట్టేసి బయటపడింది. కార్లో కూర్చున్నాక చిన్నకోడలికి నిజంగానే ఒళ్లు మండింది. ఊళ్లో ఉన్న మిషన్లన్నింటికీ వంకలు పెట్టడానికే ఈ ప్రయాణమైతే, సాయంత్రం మేస్త్రి వచ్చి హాయిగా కొలుచుకుపోతాడు. అలా అనేసింది కూడా. అత్తయ్య కాదనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మూడో కొట్టు చిన్నది. కొట్టావిడ కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఏదో నట్టు బిగిస్తోంది. పక్కనే మిషన్లు నడిపి చూసుకోవడానికి చాపంత పచ్చిక. అత్తయ్య లోపలికి వెళ్తూనే చేతికందిన మిషను పట్టుకుంది, మళ్లీ ఎడమచేత్తోనే. చిన్నకోడలు విసుగ్గా చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి ఆ విసుగు ఆగిపోయింది.

సంచీ కార్లోనే ఉండిపోయింది. అయినా అత్తయ్య కుడిచెయ్యి నడుం వెనక్కి మడిచిపెట్టే ఉంది.

పొద్దుట్నుంచి ఆవిడ కుడిచెయ్యి లేని మనిషిలా మిషన్లు చూస్తోంది. తాడు లాగలేని మనిషిలా, వైరు తప్పించుకోలేని మనిషిలా. మెడ పట్టేస్తుందని భయపడింది తన మెడకి కాదు. నడిపించని మిషను వద్దన్నది, రోజూ నడవమని డాక్టరు మొత్తుకుంటున్నా కుర్చీ వదలని మనిషి కోసం. చిన్నకోడలికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఏం పోయేది?

"మావయ్య కోసమేనా అత్తయ్యా?" అంది మెల్లిగా.

"కాదు."

"ఎడమచేత్తో ఆయన..."

"కాదన్నానా? ఆయనకి తెలిస్తే జాలిపడుతున్నాం అనుకుంటారు. మనం జాలిపడటం లేదు. పద."

చిన్నకోడలు తిన్నగా కొట్టావిడ దగ్గరికి వెళ్లి, "ఒక చేత్తో నెట్టేది కావాలండీ. ఇంజనూ వద్దు, వైరూ వద్దు. మనిషిని నడిపించాలి" అని తనే అడిగింది.

కొట్టావిడ లోపల్నుంచి ఒక సన్నటి మిషను తెచ్చింది. రెండు చక్రాలు, వాటి మధ్య గుండ్రంగా తిరిగే బ్లేళ్లు, పైకి ఒకే ఒక కడ్డీ, దాని కొసన నడిమధ్యన పట్టు. "ముందే చెప్తున్నాను, దీన్ని చాలామంది తిరిగి తెచ్చిచ్చేస్తారు. నెడితేనే తిరుగుతుంది. గడ్డి పొడుగెదిగితే దీని వల్ల కాదు. రెండు మూడు రోజులకోసారి తప్పకుండా బయటికొచ్చి నెట్టాల్సిందే, బద్ధకిస్తే పనికిరాదు. బ్లేడు కింద పట్టీకి రాసుకుంటూ గడ్డిని కోస్తుంది, అచ్చం కత్తెరలాగ."

అత్తయ్య ఎడమచేత్తో పట్టు పట్టుకుని పచ్చిక మీద ముందుకు నెట్టింది. కచకచమని చప్పుడైంది. మందపాటి కోటుబట్టలో పెద్ద కత్తెర నడిచినట్టే ఉంది. ఆవిడ ఆగింది. వెనక్కి లాగి మళ్లీ నెట్టి, చెవి ఒగ్గి విన్నది.

"ఇందులో లోపాలన్నీ చెప్పేశాను. ఇదే కావాలా మరి?" అంది కొట్టావిడ.

"సరే" అంది అత్తయ్య.

చిన్నకోడలు ఆ కొట్లో ఉన్న స్టూలు మీద కూర్చోవలసి వచ్చింది.

సాయంత్రం మావయ్య ఎప్పటిలాగే కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. అత్తయ్య బయట పచ్చికలో మిషను దింపి నెట్టడం మొదలుపెట్టింది. కచకచ, కచకచ. మొదటి చార గేటు వైపు బయల్దేరి గోడ దగ్గర తేలింది. రెండోది మొదటిదాన్ని రెండుచోట్ల దాటింది. ఒక మనిషి నిజంగా చేతకాక అంత వంకరగా కొయ్యడం అసాధ్యం. చిన్నకోడలు మెట్ల మీద నిలబడి పెదవి బిగబట్టుకుంది.

లోపల కుర్చీ కిర్రుమంది. కిటికీ తెరుచుకుంది.

"ఏమిటా చప్పుడు?"

"ఏం లేదు, మీ పని మీరు చూసుకోండి."

ఆయన చారల్ని చూశాడు. మొహం ముడుచుకుంది. "వంకర పోతోంది."

"కాదు, మీరు చూస్తున్నదే వంకరగా ఉంది."

"నాకా చెప్తున్నావు? బట్ట అలా కత్తిరిస్తే ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ అయ్యేది."

"కాదు, ఇది బట్ట కాదు. ఇలాగే కొయ్యాలి."

"ఎవడు చెప్పాడు ఇలాగే కొయ్యాలని?"

"మిషను కొన్నచోట చెప్పారు" అని నిర్భయంగా అబద్ధమాడి, అత్తయ్య మూడో చారని పూలకుండీలోకి తోలింది.

ఆయనిక ఆగలేకపోయాడు. చెప్పులు లేకుండా బయటికొచ్చి, "ఇటివ్వు, పచ్చికని పాడుచేస్తున్నావు" అని ఎడమచేత్తో పట్టు లాక్కున్నాడు. నెట్టాడు. కచకచమంది. ఆయన ఆగి బ్లేళ్ల వైపు చూశాడు. మళ్లీ నెట్టాడు, ఈసారి కాస్త దూరం. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసుకుంటే తన చారా వంకరగానే ఉంది.

"వంకరొచ్చింది" అన్నాడు, గొంతు తగ్గించి.

"కాదు, తిన్నగా ఉంది" అంది అత్తయ్య.

"కళ్లు కనిపించట్లేదా? అదిగో, కుండీ దగ్గర తప్పింది."

"కాదు, తప్పలేదు. ఇంత తిన్నగా మీరెప్పుడూ కొయ్యలేదు."

"ఉండు, చూపిస్తాను" అని ఆయన మళ్లీ మొదలుపెట్టాడు.

అప్పుడే పెద్దకొడుకు మేస్త్రిని వెంటబెట్టుకుని గేటు తీసుకుని లోపలికొచ్చాడు. తండ్రిని చూసి కంగారుపడ్డాడు. "నాన్నా, ఇదంతా ఎందుకు? రేపెలాగూ సిమెంటు వేస్తున్నాం కదా."

"వెయ్యటానికి వీల్లేదు" అన్నాడు మావయ్య.

"నువ్వే కదా సరే అన్నావు?"

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. నా పచ్చిక మీద ఎవడు సిమెంటు వేస్తాడో నేనూ చూస్తాను."

పెద్దకొడుకు దిక్కుతోచక తల్లి వైపు తిరిగాడు. గెలిచిన మనిషి నోరు మూసుకోవాలి. ఇంకొకరైతే అదే చేసేవాళ్లు. అత్తయ్య భర్త ఎర్రబడ్డ మొహాన్నీ, పట్టు మీద బిగుసుకున్న ఎడమచేతినీ తృప్తిగా ఒకసారి చూసుకుంది. నడుం మీద చేతులు పెట్టుకుని, "కాదు" అంది. "అబ్బాయి చెప్పిందే సబబు. సిమెంటే బాగుంటుంది. నున్నగా ఉంటుంది, మట్టి అంటదు."

"ఏం నున్నగా ఉంటుంది, నీ తలకాయ" అని మావయ్య మిషను వదిలి, ఆవిడ మీదికి రెండడుగులు వేశాడు. ఎండలో సిమెంటు ఎంత కాలుతుందో, వానకి నీళ్లెక్కడ నిలుస్తాయో, ఏళ్ల తరబడి తను ఆ పచ్చికని ఎలా పెంచాడో, ఎడమచెయ్యి ఊపుతూ మొదలుపెట్టాడు. ఆవిడ ప్రతిదానికీ కాదంది. ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది. ఎదురింటివాళ్లు చాలా రోజుల తర్వాత కిటికీ తలుపులు బార్లా తెరిచారు.

మేస్త్రి చేతిలో టేపు పట్టుకుని కాసేపు ఇటూ అటూ చూసి, చివరికి చిన్నకోడలి దగ్గరికొచ్చాడు. "అమ్మా, ఇంతకీ సిమెంటు వెయ్యాలా, వద్దా?"

"వద్దు" అంది చిన్నకోడలు. "కానీ ఆ మాట పైకి అనకండి. సంగతి తేలిపోయిందని మా అత్తయ్య వింటే తగువు ఆగిపోతుంది."