దింపుడు కళ్లం ఫోటో

నా స్టూడియోలో గోడకు ఒక ఫోటో ఉంది. వచ్చినవాళ్లంతా దాని ముందు కాసేపు ఆగుతారు. నేను మాత్రం ఏళ్ల తరబడి దానివైపు సరిగ్గా చూడలేదు. దాని వెనక నేను చేసిన పాపం ఒకటుంది. ఇక మోయడం నా వల్ల కావడం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే సంగతి ఇంత దూరం వచ్చేది కాదు.

మాది మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊరు. మా నాయన, బాపు అంటాం, శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పనికి పోయేవాడు. నేను డిగ్రీ అయ్యాక సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటేగానీ మనసంతా కెమెరా మీదే. సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి కొనుక్కుని పత్తి ఏరే ఆడవాళ్లను, షిఫ్టు దిగి వచ్చేవాళ్ల మసి మొహాలను, నిర్మల్ వెళ్లి బొమ్మలకు రంగులద్దే చేతులను తీసేవాణ్ణి. బాపు ఎప్పుడూ ఒకటే అనేవాడు: "ఫోటువలు తీసుడు సరదాకు మంచిగనే ఉంటది. బువ్వ ఎవడు పెడ్తడు రా?"

ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. అందరూ నోరు తెరిచి చూసే ఫోటో ఒక్కటి పడితే చాలు, ఈ సరదాయే నా పని అవుతుందని పిచ్చి. పిచ్చి అనే అంటున్నాను. ఇష్టమని మర్యాదగా చెప్పుకోవచ్చు. కానీ ఇష్టం మనిషిని అంత గుడ్డివాణ్ణి చేస్తుందా?

మా పక్కింట్లో బుచ్చవ్వ ఉండేది. కొడుకు రాజేశన్న దుబాయ్‌లో. కూతురు లచ్చక్కను పక్క ఊరికే ఇచ్చారు, తల్లి మంచాన పడ్డాక వచ్చి అన్నీ ఆమే చేసింది. నా చేతికి మొట్టమొదట కెమెరా ఇచ్చింది రాజేశన్నే. సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిన చిన్న కెమెరా అది. "పట్టుకో, ఏం కాదు" అని నా మెడలో వేశాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంగతి కూడా చేదుగానే ఉంటుంది.

ఒక చలికాలం బుచ్చవ్వ పోయింది. రాజేశన్నకు కంపెనీ సెలవు ఇవ్వలేదు. ఎంత బతిమాలినా ఇవ్వలేదు. తెల్లారేసరికి నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, నీ ఫోన్ల మంచిగ కనబడ్తది. నన్ను అవ్వ ఎంబడి తీస్కపో. దింపుడు కళ్లం కాడ ఫోన్ అవ్వ చెవు కాడ పెట్టు. నేను పిలుస్త."

పాడెను వల్లకాటికి చేరకముందే దారిలో ఒకచోట దించుతారు. అయినవాళ్లు వంగి, పోయినవాళ్ల చెవిలో పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందేమోనని. పలుకుతుందని ఎవరూ నమ్మరు. అయినా పిలవకుండా ఎవరూ పంపరు. ఆ పిలుపు మీద కొడుక్కి ఉండే హక్కు ఎంతటిదో నాకు తెలియదా? తెలుసు.

లచ్చక్కకు చెబితే అందరి ముందే కస్సుమంది. "ఫోన్ల పిలిస్తే ఇనబడ్తదా అవ్వకు? రావాలెగని!" నెలల తరబడి ఒంటరిగా చాకిరీ చేసిన మనిషి కోపం అది. మరుక్షణమే కళ్లు తుడుచుకుని, "సరే, వాణ్ని గూడ తీస్కరా" అంది. నాతోనే, మెల్లగా. ఆ రెండో మాట నేను తప్ప ఎవరూ వినలేదు.

ఒక చేతిలో ఫోన్, మెడలో కెమెరా. కెమెరా తెమ్మని నాకెవరూ చెప్పలేదు. కొడుకు లేడు కాబట్టి లచ్చక్కే నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది. ఫోన్లో రాజేశన్న, ఆయన వెనక గదిలో ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి. దారంతా చూస్తున్నాడు.

పాడె దించారు. మంచు విడిపోతోంది. పక్కన పెట్టిన నిప్పుకుండలోంచి పొగ వంకరగా లేచింది, దాని మీద అప్పుడే ఎండ పడింది. లచ్చక్క మోకాళ్ల మీద కూర్చుని తల్లి చెవికి నోరు ఆనించి "అవ్వా" అంది. నాకప్పుడు బుచ్చవ్వ కనబడలేదు. లచ్చక్క కనబడలేదు. ఫోటో కనబడింది.

రెండో చెవి దగ్గర నా చెయ్యి ఉండాలి, ఆ చేతిలో ఫోన్. చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉంటుంది, అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను.

"పెట్టినవా తమ్మీ? పిలువాల్నా?" అన్నాడు రాజేశన్న.

కట్ చేశాను. జేబులో వేసుకుని కెమెరా ఎత్తాను. ఫోన్ మోగింది. డప్పుల చప్పుడులో ఎవరికీ వినబడలేదు, తొడకు తగులుతుంటే నాకొక్కడికే తెలిసింది. ఆగి మళ్లీ మోగింది. ఒంటిచేత్తో తీసి పూర్తిగా ఆపేశాను. నాకు కావలసింది నాకు దొరికింది. పాడె ఎత్తారు.

మధ్యాహ్నం ఫోన్ ఆన్ చేయగానే మళ్లీ ఆయనే. "ఎందుకు కట్ చేసినవ్?" తిట్టలేదు. అడిగాడంతే. నెట్‌వర్క్ పోయిందందామంటే, ఫోన్ మోగిన సంగతి ఆయనకు తెలుసు.

"లచ్చక్క వద్దన్నదన్నా."

ఎంత తేలికగా వచ్చింది ఆ మాట! పొద్దున ఆమె కోపంగా అన్నది వాళ్లూ వీళ్లూ ఆయనకు చేరవేస్తారని, నా అబద్ధం దాని పక్కన అతుక్కుపోతుందని అప్పటికప్పుడే నా బుర్రకు తట్టింది. ఇంత తెలివి నాకు ఎక్కడిది?

ఆ ఫోటో హైదరాబాద్‌లో ఒక పోటీకి పంపాను. మొదటి బహుమతి. పేపర్లో వేశారు. పెళ్లిళ్లకు పిలుపులొచ్చాయి, మంచిర్యాలలో స్టూడియో పెట్టాను. బాపు వచ్చి కుర్చీలో కూర్చుని గోడలన్నీ చూసి తృప్తిగా చాయ్ తాగాడు. సరదా పనైంది. అదే కదా నేను కోరుకున్నది.

రాజేశన్న అక్కతో మాట మానేశాడు. బతుకమ్మ పండుగకు ఇంటి ఆడబిడ్డను పిలిపించడం మానేశాడు. సెలవు మీద వచ్చినప్పుడు నాకు మాత్రం ఖరీదైన లెన్స్ తెచ్చాడు. "నువ్వన్నా అవ్వ ఎంబడి నడిచినవ్" అని నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. ఇప్పటికీ దానితోనే పెళ్లిళ్లు తీస్తున్నాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు లచ్చక్క స్టూడియోకు వచ్చింది. ఫోటో ముందు చాలాసేపు నిలబడింది.

"తమ్మీ, ఒక్కటడుగుత, నిజం చెప్పు. గా పొద్దు ఫోన్ వద్దని నేనే అన్ననట, మావోడు అందరితోటి అంటున్నడట. అన్ననా? ఇంటికాడ కోపంల ఏదో అన్న. దింపుడు కళ్లం కాడ గూడ అన్ననేమో. నాకు యాదికొస్తలేదు."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. స్టూడియోలో ఇంకెవరూ లేరు. ఆమె నా మొహంలోకే చూస్తోంది, లేదు అంటానేమోనన్న ఆశతో.

"ఏడ్పుల అన్నవక్కా. నీ తప్పు గాదు."

నీ తప్పు కాదట. ఆమె చెయ్యని దానికి నేను ఆమెను క్షమించాను కూడా!

"గట్లనా" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "గట్లయితే వాడు నాతోటి మాట్లాడకున్నా సరే తియ్యి. వాని పిలుపు నేనే ఆపితి." చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఈమధ్యే రాజేశన్న బిడ్డ పెళ్లయింది. ఫోటోలు నేనే తీశాను. పెళ్లికూతురి పక్కన మేనత్త నిలబడాల్సిన చోటు ఖాళీగా ఉంది. అయినవాళ్లను అటూ ఇటూ జరిపి ఆ ఖాళీ కనబడకుండా సర్దాను. ఆ పని నాకు బాగా వచ్చు. రాజేశన్న గుంపులో ఒకసారి ఎవరికోసమో వెతికినట్టు చూసి, "తియ్యి తమ్మీ, ఇగెవలు రారు" అన్నాడు.

ఆ రాత్రి నుంచీ నాకు అన్నం సహించడం లేదు. వాళ్లిద్దరి దగ్గరికీ వెళ్లి చెబుతానా? రేపు వెళ్తాను అని రాయాలనుంది, కానీ నన్ను నేను ఎరుగుదును. స్టూడియో పోతుందని భయం, ఊళ్లో తలెత్తుకోలేనని భయం. ఇది చదివి నన్ను మీరు క్షమించవద్దు. క్షమాపణ ఎంత చవకగా ఇవ్వొచ్చో నేను ఇచ్చి చూశాను.

ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు ఉండాలి. రాస్తుంటే చాలా రోజులకు గుండె నిండా గాలి పీల్చినట్టుంది, దానికీ సిగ్గుగానే ఉంది. లచ్చక్క వద్దనలేదు. అక్కడ ఆమె నోట "అవ్వా" తప్ప ఇంకో మాట రాలేదు. ఫోన్ నేనే ఆపాను.