కుర్చీ వెనక పేరు

రాప్తాడు దగ్గర వికలాంగ పిల్లల సంస్థకు నేను అప్పుడప్పుడూ సాయానికి వెళ్తుంటాను. అక్కడ చూసిన ఒక తల్లిని మరవలేను. ఎవరు పలకరించినా, మెడ నిలవని తన కొడుకు గడ్డం పట్టి వాళ్ళవైపు తిప్పేది. "వాని మొగం సూసి మాట్లాడప్పా" అనేది.

ఒకరోజు అనంతపురం బట్టల కొట్టాయన చక్రాల కుర్చీలు పంచాడు. కుర్చీల వెనక తన కొట్టు పేరు ఇంతింత అక్షరాలతో రాయించాడు. ఫోటోలో ఆ పేరు పడాలట! పిల్లల్ని కూర్చోబెట్టి, అందర్నీ గోడవైపు తిప్పించాడు. దానమిచ్చినంత మాత్రాన పిల్లల ముఖాలు అడ్డమైపోతాయా?

ఆ తల్లి విసురుగా వచ్చి కొడుకును ఎత్తుకుంది. "నా బిడ్డ మొగం నీకొద్దన్నప్పుడు వాడెందుకు సామీ? ఉత్త కుర్చీకే తీసుకో ఫోటో!"

ఆ పెద్దమనిషి ఖాళీ కుర్చీ పక్కన నిలబడి, నవ్వుతూ ఫోటో దిగాడు.