మడత పడే ఏప్రాన్

మా అక్క నాందేడ్‌లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పని కాగానే సీసం ఏప్రాన్ విప్పి, నాలుగు మడతలు వేసి, అరచేత్తో చదును చేసి బీరువాలో పెట్టేది. బిలోలి దగ్గర మా ఊళ్లో అమ్మ నేర్పిన పద్ధతి అది. విడిచిన బట్ట మడత పెట్టనిదే ఆమె మాకు అన్నం పెట్టేది కాదు. ఏప్రాన్‌ను మడవకూడదని, కొక్కేనికి తగిలించాలని అక్కకు ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు ఆ ఏప్రాన్‌కే ఎక్స్‌రే తీసి చూశారు. తెల్లగా ఉండాల్సిన చోట మడత మడతకూ నల్లటి గీతలు. సీసం పగిలి కిరణాలు దూరిన దారులవి.

"మడతవెట్టుడు గూడ తప్పేనా?" అని అక్క కూర్చుండిపోయింది.

పరీక్షల్లో ఆమెకు ఏమీ కాలేదని తేలినా ఆ మాట మనసులోంచి పోలేదు. కొత్త ఏప్రాన్‌నూ మడవబోయి నాలుక కరుచుకునేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా.

నేను అప్పటికే నాందేడ్ విశ్వవిద్యాలయంలో, సీసానికి బదులు రబ్బరులో బిస్మత్ అనే లోహపు పొడి కలిపి కిరణాలను ఆపే షీటు చేస్తున్నాను. పొడి ఎక్కువైతే వంచగానే చిట్లేది, తక్కువైతే కిరణాలు దాటిపోయేవి. దాని మీద "మడవరాదు" అని రాస్తే సరిపోతుందన్నారు మా సారు, మరాఠీలో, నవ్వుతూ. నాకు కోపం కొంచెం ఎక్కువే. మారాల్సింది మా అక్క కాదు, షీటే అన్నాను.

దారి ఇంట్లోనే దొరికింది. పాత చీరలు పొర మీద పొర వేసి అమ్మ కుట్టిన బొంతను అక్క మడత పెడుతోంది. ఎన్నేళ్లు మడిచినా అది చెక్కుచెదరలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. మందంగా ఒక్క షీటు పోసే బదులు పలుచగా ఐదు పోశాను. మడిచినప్పుడు బొంత పొరల్లా ఒకదాని మీద ఒకటి జరిగేలా వదిలేసి, అంచులు మాత్రమే కుట్టాను.

"ఇది తొడగకు అక్కా, రోజూ మడతవెట్టు సాలు," అని ఇచ్చాను.

"గంతేనా? గా పని నాకు జెప్పాల్నా," అంది.

వానాకాలమంతా మడిచింది. చివరికి దాన్ని ఎక్స్‌రే కింద పరిచాం. బటన్ అక్కే నొక్కింది. తెర మీద అంచు నుంచి అంచు దాకా తెలుపే. మడతలు పడ్డ చోట్లను అక్క వేలితో వెతికింది. ఒక్క గీత కూడా దొరకలేదు.

షీటు తీసి, నాలుగు మడతలు వేసి, అరచేత్తో చదును చేసి నా చేతిలో పెట్టింది.

"ఇగ తప్పు నాది కాదు," అంది.