తలుపు అవతల మా టీచరు

మా సాయంత్రం బడి టీచరుకు కాలు ఒకచోట నిలిచేది కాదు. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ సాకిన మనిషి. ఎవరైనా నోరు తెరిచి అడిగేదాకా ఆగడం ఆమెకు చేతకాదు. భర్త ఆటో నడుపుతాడు, కాస్త నత్తి. ఆయన సగం మాట దగ్గర ఆగితే మిగతా సగం ఈవిడే అనేసేది.

మావారు పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక నేనా బడిలో చేరాను. పెద్దవాళ్ళం కదా, నలుగురేసి కూర్చుని మాట్లాడుకుంటూ నేర్చుకోవాలని అక్కడి పద్ధతి. టీచరు మమ్మల్ని గుంపులుగా కూర్చోబెట్టేది, జవాబు మాత్రం తనే అందించేది. బడి చూసిపోయే మేడమ్ ఎన్నిసార్లో చెప్పి చూసి, ఈ పూట కూడా మీరే మాట్లాడితే తరగతి ఇంకొకరికి ఇచ్చేస్తానని తేల్చేసింది.

ఆ పూట మందుల చీటీ చదివి, ఏ మాత్ర ఎప్పుడు వేయాలో చెప్పాలి. మేడమ్ ఓ పక్కన కూర్చుని చూస్తోంది. పని అప్పగించి, గదిలో ఉంటే నోరాగదని టీచరు బయటికి పోయింది. మా గుంపు తలుపు పక్కనే. ఆమె చెప్పుల చప్పుడు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

మా గుంపులోని వాచ్‌మన్ మొదటి ముక్క చూసి, భోజనం తర్వాత అనేశాడు.

"చదువుతున్నావా, జోస్యం చెబుతున్నావా అన్నా?" అంది ఆసుపత్రి ఆయా. అలా అందే గానీ తనకూ రెండో ముక్క కూడలేదు. ఇస్త్రీ తాత, పోనీ అదే చెప్పేద్దాం అన్నాడు.

తలుపు కొంచెం తెరుచుకుంది. టీచరు వేళ్ళు కనిపించాయి. వెనక నుంచి, ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చిన భర్త గొంతు.

"ఆ... ఆగవే. వాళ్ళ... వాళ్ళ నోటితోనే..."

చాలాసేపు పట్టింది. ఆమె అందుకోలేదు.

"...రానీ," అన్నాడాయన.

తలుపు మూసుకుంది. నేను మావారికి మాత్రలు రంగు చూసి వేసేదాన్ని, ఏనాడూ చదివింది లేదు. ఆ ముక్క కింద వేలు పెట్టి కూడబలుక్కున్నాను.

"ముం... దు. భోజనానికి ముందు."

ఆయా చీటీ లాక్కుని మళ్ళీ చదివింది. అంతే, అంది.

మేడమ్ టీచరును లోపలికి పిలిచి, తరగతి మీదేనమ్మా, రోజూ ఇలాగే ఉండగలరా అని అడిగింది.

"ఉంటానండీ. కానీ ఆ వెనక గుంపువాళ్ళు రాత్రి మాత్ర వదిలేశారు, కిటికీలోంచి విన్నాను."

అంటూనే అటు నడవబోయింది. మేడమ్ ఆమె కొంగు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.