రాతి ఎద్దు, చిల్లు దిండు

కెనడాలో నా పరువు మంచులో జారిపడి పోయిందనుకునేరు, కాదు. చక్కటి ఎండ కాస్తున్న ఉదయాల్లో, ఒక రాతి ఎద్దు వెనకాల పోయింది.

మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా కాలేజీ ఉన్న కిచెనర్ ఊళ్ళో గది దొరకడమే గగనమైతే, నాకూ కరీంనగర్ శేఖర్‌కూ మిచికో గారనే జపాను పెద్దావిడ ఇంట్లో బేస్‌మెంట్ దొరికింది. పెరట్లో చిన్న చెక్క గుడి, దాని ముందు కూర్చున్న రాతి ఎద్దు. అది వాళ్ళ చదువుల దేవుడి గుడి అని మొదటిరోజే చెప్పారావిడ. నేనేమో ప్రోగ్రామింగ్ పేపర్ ఒకసారి తప్పి ఉన్నాను. మళ్ళీ తప్పితే కాలేజీ సాగనంపుతుంది, స్టడీ పర్మిట్ గోవిందా. పుస్తకం ముందు పావుగంట కుదురుగా కూర్చోలేని నాకు ఆ దేవుడే దిక్కయ్యాడు.

"నందిని పట్టుకోరా, పనైతది," అన్నాడు శేఖర్. "ఎనక చెయ్యేసి నిమురుకుంట, కొమ్ముల నడుమకెల్లి దేవుణ్ణి చూడాలె."

వాడి మాట ఎందుకు విన్నానని అడక్కండి. వాడు ఆ పేపర్ పాసయ్యాడు మరి. రోజూ పొద్దున్నే స్నానం చేసి, వంగి, ఎద్దు పిరుదులు పరమభక్తితో నిమిరేవాణ్ణి. మిచికో గారు వంటింటి కిటికీలోంచి చూసేవారు. ముచ్చటపడుతున్నారనుకున్నాను.

ఉన్నట్టుండి ఆవిడకు నా మీద ఎక్కడలేని జాలి పుట్టింది. నాకొక్కడికే మెత్తటి గంజి వచ్చేది. ఫ్రిజ్‌లో మా పచ్చిమిరపకాయలు చూసి నిట్టూర్చేవారు. చివరికి ఒకరోజు మధ్యలో చిల్లున్న గుండ్రటి దిండు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"దాచుకోకు బాబూ. మా ఆయన కూడా చాలా బాధపడ్డారు," అన్నారు ఇంగ్లీషులోనే, గొంతు తగ్గించి.

"దేనితో అండీ?"

"మొలలతో."

వాళ్ళ ఆచారంలో మనకెక్కడ బాగుపడాలో ఎద్దుకు అక్కడ నిమరాలట. చదువు కావలసినవాళ్ళు తల నిమురుతారట. శేఖర్ నవ్వలేక మెట్ల మీద కూలబడ్డాడు. నాకు మొలలు లేవంటే, మరి ఇన్నాళ్ళూ అక్కడెందుకు నిమిరావని అడుగుతారు. నోరు మూసుకుని దిండు తీసుకున్నాను.

దాని మీద కూర్చుంటే ఎంత హాయో ఏం చెప్పను! పావుగంటకే లేచిపోయేవాణ్ణి, గంటల తరబడి అతుక్కుపోయాను. పేపర్ గట్టెక్కింది. దేవుడు నేను నిమిరిన చోటే కరుణించాడు.

పరుగున వెళ్ళి మిచికో గారికి చెప్పాను. "చాలా సంతోషం," అన్నారు. "మరి నొప్పి?"

"తగ్గిందండీ."

ఆ ఎద్దు సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: ఏ దేశంలో ఏ దేవుడి వాహనం కనబడినా, ఇంటివాళ్ళను అడగనిదే దాని తోకవైపు చచ్చినా వెళ్ళను.